బందెలదొడ్డిలో సెల్‌ఫోన్

జిల్లా జీవసంక్షేమ శాఖ కార్యాలయంలోనే, అదీ స్టోర్‌కీపర్ తవిటినాయుడి చేతిలో, ఏడొందలకు పైగా జీవాలు బందీలుగా ఉన్నాయని సోమవారం ఉదయం టీ వేళకు బయటపడింది.

కనిపెట్టింది సాక్షాత్తూ జాయింట్ డైరెక్టర్ ఇందుశేఖర్ గారు. నిజానికి ఆ సమయంలో ఆయన నేరం కోసం వెతకడం లేదు. స్టాఫ్ కోసం వెతుకుతున్నారు.

స్టాఫంతా వీధి చివర టీకొట్టు దగ్గరున్నారు. దానికి కారణం ఉంది. ఇందుశేఖర్ గారు కిందటేడు ఏదో కొండమీద శిబిరానికి వెళ్ళి వీగన్‌గా తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే తోలు బెల్టు తీసేసి ప్యాంటుకు నూలుతాడు బిగించారు. తేనె మానేశారు. పట్టుశాలువా సన్మానాలు మానేశారు. అన్నిటికీ మించి పెరుగు మానేశారు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించగల మనిషిని మన వైపు ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అలాంటివాడు దేనికైనా తెగిస్తాడని భయం. అందుకే ఆఫీసులో సోయాపాల టీ ప్రవేశపెట్టినప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు. ‘ఫీల్డ్ విజిట్’ అని రిజిస్టర్లో రాసి వీధి చివరకు వెళ్ళొస్తున్నారు, అంతే.

ఆ ఉదయం తవిటినాయుడొక్కడే సీట్లో ఉన్నాడు. బల్ల కింద ఫోను పెట్టుకుని బొటనవేలితో ఏదో విసురుతున్నాడు.

“ఏమిటది?”

తవిటినాయుడు ఉలిక్కిపడి లేచాడు. “చిక్కం సార్. ఆట. దారిలో జీవం కనబడితే చిక్కం విసరాలి. చిక్కిందంటే చిన్నదైపోయి మన సంచీలోకి వచ్చీస్తాది.”

“ఏ జీవం?”

తవిటినాయుడికి ఉత్సాహం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక పై అధికారి తన గురించి ఏదైనా అడగడం అదే మొదలు. “నిప్పుతొండలు, ఉరుముడుతలు, మబ్బుపీతలు... ఇదిగో సార్, మూడుతోకల ముంగిస! జిల్లా మొత్తమ్మీద నా ఒక్కడి దగ్గరే ఉంది.”

“పట్టుకుని ఏం చేస్తావు?”

“పోటీకి దింపుతాను సార్. ఎదుటోడి జీవంతో కొట్టుకుంటాది. గెలిస్తే గింజలొస్తాయి. ఆ గింజలే దానికి మేత.”

“కొట్టుకోవడం దానికి ఇష్టమేనా?”

చీపుళ్ళ గురించీ, ఫినాయిలు గురించీ, గుండుసూదుల గురించీ ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు తవిటినాయుడు. ఈ ప్రశ్నకు మాత్రం బిక్కమొహం వేశాడు.

“అడగలేద్సార్.”

“అడగలేదు,” అన్నారు ఇందుశేఖర్ గారు నెమ్మదిగా. ఆయన కళ్ళు చెమర్చాయి.

“సార్, ఇది బొమ్మాట సార్. అది నిజం ముంగిస కాదు.”

“బాధలో నిజం బాధ, బొమ్మ బాధ అని రెండు రకాలుంటాయా తవిటినాయుడూ? ఎదుటి ప్రాణి బాధ కనబడకుండా బతకడానికి నువ్వు అలవాటుపడ్డావు. నేనూ అలాగే ఉండేవాణ్ణి. పెరుగు తిన్నన్నాళ్ళూ.”

శాఖ నియమావళి తెప్పించారు. మొదటి పేజీలోనే నిర్వచనం ఉంది: ‘కదలునది, ఆహారము గ్రహించునది, అలసట చెందునది అయిన దేనినైనను జీవముగా పరిగణింపవలెను.’ సూపరింటెండెంటు కళ్ళజోడు సవరించుకుని ఫోనులోకి చూశాడు. ముంగిస కదులుతోంది. గింజలు తింటోంది. అలసిపోయిందని పక్కన పసుపు గీత తగ్గుతోంది. నిర్వచనం ప్రకారం ముంగిస జీవమేనని తేలింది. సెక్షన్‌లో ఇద్దరు ముగ్గురు గుమాస్తాల విషయంలో మాత్రం సందేహం మిగిలింది.

మధ్యాహ్నానికల్లా తవిటినాయుడు సస్పెండయ్యాడు. ఫోనుకు పంచనామా జరిగింది. టీకొట్టు యజమానీ, జిరాక్స్ షాపతనూ పంచాయతుదారులుగా సంతకాలు పెట్టారు.

“స్వాధీనం చేసుకున్న జీవాలను ఎక్కడ ఉంచాలి?” అని అడిగారు ఇందుశేఖర్ గారు.

“బందెలదొడ్డిలో సార్,” అన్నాడు సూపరింటెండెంటు. “రూలు అదే. తప్పిపోయిన గొడ్డయినా, పట్టుబడ్డ గొడ్డయినా బందెలదొడ్డికే తోలాలి.”

“అయితే తోలండి.”

పశువుల అంబులెన్సు బయల్దేరింది. వెనక అరలో గడ్డి పరిచి, గడ్డి మీద ఫోను పెట్టి, జీవాలకు గాలాడటానికి రెండు తలుపులూ తెరిచి ఉంచారు.

సరిగ్గా అప్పుడే ఆ అంబులెన్సు కోసం సన్యాసమ్మ వచ్చింది.

ఆఫీసు మేడమీద, దాని కింద పశువుల ఆసుపత్రి. రెండూ ఒకే శాఖ, ఒకే కాంపౌండు. సన్యాసమ్మది ఊరి పొలిమేరలో చిన్న పాక. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది మాలచ్చి అనే గేదె ఒక్కటే. పెయ్యగా ఉన్నప్పటి నుంచి పెంచింది. ఇప్పుడది తొలిసూలుతో ఉంది. అది సుఖంగా ఈని పాలిస్తే సన్యాసమ్మ పొయ్యి వెలుగుతుంది. లేకపోతే లేదు.

“డాక్టరు బాబూ, మా మాలచ్చి ఇంకో నెలా నెలన్నరలో ఈనతాది. కడుపు సూత్తే ఒక్కపక్కకే ఉంది. దూడ అడ్డం తిరిగీనాదేమోనని బయమేత్తంది. ఓసారి బండి పంపిత్తారేటి?”

డాక్టర్ కూర్మారావు గేటువైపు చూశాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. దేనికీ ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశాడు.

“బండి ఖైదీలను తీసుకుని వెళ్ళిందమ్మా.”

“ఏ కైదీలు బాబూ?”

“చెప్పినా నువ్వు నమ్మవు. నేను చూసి కూడా నమ్మలేదు. నొప్పులు మొదలవగానే ఏదో ఒక బండి మీద నువ్వే తీసుకొచ్చెయ్. నేనిక్కడే ఉంటాను.”

బందెలదొడ్డిలో ఫోను ఎంతోసేపు ఉండలేదు. అక్కడ ఛార్జింగు లేదు. ఓ ముసలి ఎద్దు వచ్చి వాసన చూసి ఒకసారి నాకింది కూడా. సాయంత్రానికి తెర మీద ఉరుముడుతలు బూడిద రంగుకు తిరిగి, తలలు వేలాడేశాయి. ‘ఆకలితో ఉన్నవి’ అని కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. కాపలావాడు భయపడి ఇందుశేఖర్ గారికి కబురుపెట్టాడు.

ఆయన పరుగున వచ్చారు. ఆ రాత్రి ఆయన భోంచేయలేదని అటెండర్లు చెప్పుకున్నారు. అది నిజం. మనిషి మంచివాడు. ఈ కథలో గొడవంతా అక్కడే వచ్చింది.

తెల్లారేసరికి ఫోను పశువుల ఆసుపత్రి వార్డుకు మారింది. దాంతోపాటు ట్రాక్టరు నిండా పచ్చగడ్డి, తవుడు బస్తాలు, తెలగపిండి వచ్చాయి. డాక్టర్ కూర్మారావు ఒక్కో జీవాన్నీ పరీక్షించి ఆరోగ్య ధ్రువపత్రం రాయాలనీ, చెవికి నంబరు బిళ్ళ కుట్టాలనీ ఆర్డరు వచ్చింది.

“మబ్బుపీతకు చెవులుండవు సార్,” అన్నాడు కూర్మారావు.

“ఉన్నచోట కుట్టండి.”

“గాజు మీదా సార్?”

“వ్యంగ్యం వద్దు డాక్టర్. మీరు ఆవుల్నీ గేదెల్నీ చూసి చూసి కఠినులైపోయారు.”

వెంటనే సర్క్యులర్ కూడా జారీ అయింది. ‘కరుణ పలచబడకుండుటకై, వార్డులోని జీవములన్నియు డిశ్చార్జి అయి ఇన్‌పేషెంట్ల సంఖ్య సున్నా అగువరకు ఆసుపత్రియందు నూతన రోగులను చేర్చుకొనరాదు, చికిత్స చేయరాదు, మందుల బీరువా తెరువరాదు.’ ఆ కాగితాన్ని వార్డు గోడకు అంటించి, పక్కనే మేకుకు బీరువా తాళంచెవి తగిలించారు. దాని కింద బల్లమీద మెత్తటి దూది పరుపు, పరుపు మీద ఫోను.

మర్నాడు ఒక మేకపిల్లకు కూర్మారావు వరండాలో కట్టు కట్టాడు. గంటలో మెమో వచ్చింది. ‘ఇంకొకసారి జరిగినచో సస్పెన్షన్.’

అసలు చిక్కు మేత దగ్గర వచ్చింది. గడ్డి తెర దగ్గర పెట్టారు. తినలేదు. తెలగపిండి నానబెట్టి పెట్టారు. తెర పాడైంది, తుడిచారు. జీవాలు రోజురోజుకీ బూడిదవుతున్నాయి. చేసేది లేక సస్పెన్షన్‌లో ఉన్న తవిటినాయుణ్ణే ‘తాత్కాలిక సంరక్షకుడు’గా పిలిపించారు. జీతం లేదు కాబట్టి నిబంధనలకు అడ్డురాలేదు.

“గింజలే తింటాయి సార్,” అన్నాడు తవిటినాయుడు, ముంగిసను చూసి కళ్ళు తుడుచుకుంటూ. “కొట్లాటలో గెలిస్తేనే గింజలు.”

ఇందుశేఖర్ గారు చాలాసేపు కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డారు. తర్వాత కమిటీ వేశారు.

కమిటీ రెండు రోజులు కూర్చుని ఒక మార్గం కనిపెట్టింది. కొట్లాట అనే మాటను నిషేధించి ‘పరస్పర వ్యాయామం’ అనాలని తీర్మానించింది. ఓడిపోవడాన్ని ‘విశ్రాంతి దిశగా పురోగమించుట’ అన్నారు. ఇంక వ్యాయామానికి అభ్యంతరమేముంది? సెక్షన్‌కో ఫోను ఇచ్చి, అన్నిటినీ ఆ ఒక్క సంచీకే కలిపారు. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆఫీసంతా వ్యాయామం చేయించింది.

“ఒరే, నా తొండ పురోగమించేసిందిరా!” అని అకౌంట్స్ సెక్షన్ నుంచి కేక.

“నా ఉడుతను పంపుతున్నా ఆగు! కొరుకు, కొరుకు... అదీ! సార్, ఆలింగనం చేసుకోనా దీన్ని?”

ఆలింగనం అంటే పట్టుకోవడం. ఇతరుల సంచీల్లో మగ్గుతున్న జీవాలను కూడా రక్షించాలని ఇందుశేఖర్ గారు పట్టుబట్టారు. రక్షించాలంటే మన చిక్కం విసరాలి. విసిరితే అవి మన సంచీలో పడతాయి. దానికి ‘రక్షణాత్మక ఆలింగనం’ అని పేరు పెట్టారు. ఒక్క నెలలో జీవాల సంఖ్య ఏడొందల నుంచి ఆరువేలు దాటింది. టీకొట్టుకు వెళ్ళేవాళ్ళు తగ్గారు. సెలవులు పెట్టేవాళ్ళు లేరు. ఆదివారం కూడా వచ్చి పనిచేసే ప్రభుత్వ కార్యాలయం ఇదొక్కటేనని పత్రికలో వార్త వచ్చింది.

నెలాఖరున తెర మీద మెరుపులు మెరిసి, బాజాలు మోగి, ఒక ప్రశంస ప్రత్యక్షమైంది: ‘అభినందనలు! ఈ నెల రాష్ట్రంలో మేటి వేటగాడు మీరే!’

దాన్ని ప్రింటు తీసి, పటం కట్టించి, జాయింట్ డైరెక్టర్ గది బయట వేలాడదీశారు. ‘వేటగాడు’ అన్న మాట మీద తెల్లకాగితం అతికించారు.

ఇక విడుదల. ఇందుశేఖర్ గారి అసలు ఆశయం అదే. ఆటలో ఒక మీట ఉంది, ‘అన్నింటినీ వదిలేయి’ అని. నొక్కితే జీవాలన్నీ సంచీలోంచి దూకి తెరమీది అడవిలోకి పరుగెత్తిపోతాయి. కానీ మీట ఉంది కదా అని ఎవరు పడితే వాళ్ళు నొక్కడానికి ఇది బజారు కాదు. మంత్రిగారి చేతుల మీదుగా ‘మహా విముక్తి’ జరగాలి. ఆఫీసు కాంపౌండులో షామియానా వేశారు. మంత్రిగారి తేదీ ఒకసారి వాయిదా పడింది. మళ్ళీ పడింది. వార్డులో ఇన్‌పేషెంట్లు అలాగే ఉన్నారు. మేకలు, కుక్కలు, దూడలు గేటు దాకా వచ్చి సర్క్యులర్ చదివించుకుని వెళ్ళిపోతున్నాయి.

చివరకు తేదీ ఖాయమైంది. ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్. కమిటీ సభ్యులందరూ జీవాల వేషాలు వేశారు. సూపరింటెండెంటు నిప్పుతొండ. తవిటినాయుడు మూడుతోకల ముంగిస. ఇందుశేఖర్ గారు మైకు ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తున్నారు.

“ప్రతి ప్రాణి వేదనా నా వేదన! ప్రతి ప్రాణి...”

గేటు దగ్గర నుంచి ఒక అరుపు వచ్చింది. మైకులో మాట మునిగిపోయింది.

ట్రాలీ ఆటోలో మాలచ్చి. దూడ కాలొకటి బయటకొచ్చి ఆగిపోయింది. గేదె కళ్ళు తేలేస్తోంది. సన్యాసమ్మ కొప్పు ఊడిపోయి, కాళ్ళకు చెప్పులు లేకుండా దిగింది.

“డాక్టరు బాబూ! పొద్దున్నుంచీ ముక్కతంది బాబూ! దాని పేనం పోతంది, నా పేనం పోతంది! రండి బాబూ!”

కూర్మారావు వార్డు గుమ్మంలో నిలబడి గోడమీది కాగితాన్నీ, తాళంచెవినీ, దూది పరుపు మీది ఫోనునూ చూశాడు.

“వార్డు ఖాళీ లేదమ్మా.”

“ఖాళీ నేదేటి బాబూ? అంతా ఖాళీయే కదా! ఒక్క గొడ్డయినా నేదు!”

“ఆరువేలున్నాయి.”

షామియానాలో ఇందుశేఖర్ గారు మళ్ళీ అందుకున్నారు. “ప్రతి ప్రాణి వేదనా...” మళ్ళీ ఆ అరుపు. ఆయన చిరాకుగా మైకు ఆపించారు. “ఎవరక్కడ? ఆ శబ్దం ఆపించండి!”

వేషాల్లో ఉన్నవాళ్ళకు త్వరగా నడవడం కుదరలేదు. తొండ తోకను ఉడుత తొక్కి ఇద్దరూ పడ్డారు. భోజనాల విరామం ప్రకటించారు.

మర్నాడు ఉదయం మంత్రిగారి కారు గేటులోకి వస్తుండగా, ఫోనును వెండిపళ్ళెంలో పెట్టి తెచ్చిన తవిటినాయుడు ముంగిస తలకాయలోంచి కెవ్వున అరిచాడు.

సంచీ ఖాళీ. ఒక్క పీత లేదు. ఒక్క తొండ లేదు. ఆరువేల పైచిలుకు జీవాలు మాయం.

మంత్రిగారు ఖాళీ తెరమీద మీట నొక్కి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయారు. ఆయనకేమీ తేడా తెలియలేదు. శాఖ పరువు మాత్రం పోయింది. రాజధాని నుంచి విజిలెన్స్ అధికారిణి హైమావతి దిగింది. సన్నటి మనిషి, తక్కువ మాటలు, భుజానికో నీళ్ళ సీసా. ఆమె చేతిలో అభియోగం సిద్ధంగా ఉంది: ‘ముందస్తు అనుమతి లేకుండా జీవములకు స్వేచ్ఛ ప్రసాదించుట.’

మీట నొక్కింది రిహార్సల్ రోజు భోజనాల విరామంలోనని ఫోనులోనే నమోదై ఉంది. మొదట తవిటినాయుణ్ణి పిలిచింది.

“నేనే పెంచాను మేడమ్. నేనెందుకు వదిలేస్తాను?” అని భోరుమన్నాడు. “ముంగిస పోయింది మేడమ్. మూడు తోకలు మేడమ్! విరామంలో నేను ఎక్కడికీ పోలేదు. వేషం జిప్పు ఇరుక్కుపోయింది. నలుగురు లాగారు. సాక్ష్యం ఉంది.”

తర్వాత కూర్మారావు.

“ఆ మధ్యాహ్నం మీరొక గేదెకు కాన్పు చేశారు. సర్క్యులర్ ఉల్లంఘించారు.”

“లేదు మేడమ్. వార్డులో ఇన్‌పేషెంట్లు సున్నా. తెర మీద కూడా అదే ఉంది. సున్నా అయితే బీరువా తియ్యొచ్చు. తీశాను. ఇంజక్షన్ ఇచ్చాను, తాడు వేసి దూడను తిప్పాను.”

“సున్నా ఎలా అయింది?”

“అది చూడటం నా డ్యూటీ చార్టులో లేదు మేడమ్.”

“మీరే వదిలేశారా?”

“నా రెండు చేతులకీ మోచేతుల దాకా సబ్బు నురగ. ఫోనుకు తడి పనికిరాదు కదా.”

అతని మొహంలో చిన్న నవ్వు కదిలినట్టనిపించింది హైమావతికి. కానీ అది అభియోగాల్లో చేర్చదగ్గ నవ్వు కాదు.

ఇక మిగిలింది సన్యాసమ్మ. ఆమె వచ్చి కుర్చీ చూపించినా నేలమీదే కూర్చుంది.

“గేదె ఈనినాదమ్మా. పెయ్యదూడ. తల్లీ పిల్లా సల్లగున్నారు. నాకింకేటీ తెల్దు.”

“ఫోను దగ్గరకు ఎవరెళ్ళారు? చూసి ఉంటావు.”

“సూసినాను. ఎవులో పున్నెం కట్టుకున్నారు. పేరు సెప్తే ఆయనకి ఉజ్జోగం పోతాదంట. నానెందుకు సెప్తాను? నువ్వయితే సెప్తావేటి?”

ఆ ప్రశ్న అడిగే అధికారం సాక్షికి లేదు. హైమావతి వెళ్ళమంది. గుమ్మందాకా వెళ్ళి సన్యాసమ్మ ఆగింది.

“ఒక్క మాటమ్మా. ఆ ఇసయం నాకొద్దు గానీ, నా గిన్నె ఇప్పించీయండి. జున్ను కాసి తెచ్చినాను ఆ బాబుకి. గిన్నె తిరిగి రానేదు. నా పెళ్ళినాటి స్టీలు గిన్నె. మూత మీద నా పేరు కొట్టించి ఉంటాది.”

“ఏ బాబుకి?”

సన్యాసమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “గిన్నె పోతే పోనీండి,” అని గబగబా వెళ్ళిపోయింది.

మేడమీద జాయింట్ డైరెక్టర్ గదిలో ఇందుశేఖర్ గారు ఫిర్యాదుదారుగా తన వాంగ్మూలాన్ని టైపు చేయించి సిద్ధంగా ఉంచారు. అందులో ‘దోషి ఎంతటివాడైనను ఉపేక్షింపరాదు’ అని ఉంది. ఆ వాక్యం కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

హైమావతి చదివి తలూపింది. గదిలో ఇంకా వదలని బెల్లం వాసన. దాని వెనక సన్నగా మిరియాల ఘాటు.

“ఎండగా ఉంది సార్. ఏమైనా చల్లగా ఉందా?”

“ఉంది, ఉంది. సోయాపాలు,” అని ఆయన లేచి అలమర తెరవబోయి, ఆగిపోయారు. చెయ్యి అలమర పిడి మీదే ఉండిపోయింది.

హైమావతి తానే వెళ్ళి తెరిచింది. పై అరలో సోయాపాల డబ్బాలు. కింది అరలో నియమావళి. నియమావళి వెనక, మడతపెట్టిన ఖద్దరు తువ్వాలు కింద, ఒక స్టీలు గిన్నె. కడిగి, తుడిచి, మూతపెట్టి ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: సన్యాసమ్మ.

ఇందుశేఖర్ గారు కుర్చీలో కూర్చున్నారు. టైపు చేసిన వాంగ్మూలాన్ని ముందుకు లాక్కుని నాలుగు ముక్కలు చేశారు. తర్వాత మాట్లాడారు.

“రాసుకోండి. నేనే. విరామంలో ఆ అరుపు ఆపించడానికి కిందకు దిగాను. ఆపమని చెబుదామనే వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి దణ్ణం పెట్టలేదు, తిట్టనూ లేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గేదె కడుపు మీద పెట్టింది. వేడిగా ఉందమ్మా. లోపల ఏదో తన్నింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. పశువుల ఫైళ్ళు ఎన్ని ముట్టుకున్నానో లెక్కలేదు. పశువును ముట్టుకోవడం అదే మొదటిసారి.

“డాక్టర్ అప్పటికే చేతులకు సబ్బు రాసుకుని నిలబడ్డాడు. ‘సున్నా కాగానే పిలవండి సార్’ అన్నాడు, అంతే. నా సర్క్యులర్ నేనే రద్దు చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేయొచ్చు. కమిటీ కూర్చోవాలి, కోరం ఉండాలి. కోరమంతా షామియానాలో తోకలు ఊడదీసుకుంటోంది. అందుకని ఫోను తీసి ఆ మీట నొక్కాను. ‘నిజంగానే అన్నింటినీ వదిలేస్తావా?’ అని అడిగింది. ఈ నెలంతటిలో నన్ను సూటిగా ప్రశ్న అడిగింది అదొక్కటే. అవునన్నాను. గుంపులు గుంపులుగా పోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. ముంగిస మాత్రం ఒక్క క్షణం ఆగింది. తవిటినాయుడికి ఆ సంగతి చెప్పండి, సంతోషిస్తాడు.

“మరి ఫిర్యాదు ఎందుకు ఇచ్చానంటారా? ఫైలు ఉంది కాబట్టి ఇచ్చాను. జీవాలు పోయాక ఫైలు ఊరుకుంటుందా?

“జున్ను కూడా నేనే తిన్నాను. అదీ రాయండి. దూడ కడుపునిండా తాగాకే పిండానంది ఆవిడ. నిజమా అని నేను అడగలేదు. అడిగితే ఒకవేళ కాదంటుందేమో, కాదంటే తినకూడదు కదా. మిరియాలు కాస్త ఎక్కువయ్యాయి. అయినా గిన్నె అడుగు గోకాను.

“గిన్నె మాత్రం కాజేయలేదమ్మా. ఆ ఒక్క అభియోగం పెట్టకండి. జున్ను తెచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ అనేది. ఏం పెట్టి ఇవ్వాలో నాకు తోచలేదు. ఒకరోజు సోయాపాలు నింపి గేటుదాకా తీసుకెళ్ళాను కూడా. ఆవిడ నా ముందే మూత తీసి వాసన చూస్తుందేమోనని భయమేసి, వెనక్కొచ్చేశాను.”